బాయిలర్ తెలిసిన ఖ్మేర్ మనిషి కావలెను

ఆ అనువాదాల ఆఫీసు యజమానికి "కుదరదు" అనే మాట పలకడం రాదు. ఫోన్‌లో అవతలివాళ్ళు ఏ భాష అడిగినా, ఏ విషయం అడిగినా, ఎంత తొందరగా అడిగినా "ఓకే, ఓకే" అనేస్తాడు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని ఓకే గారు అంటారు. ఆయన అన్న ఓకేలన్నీ నెత్తిన పెట్టుకుని మోసేది మాత్రం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఒకావిడ. ఏ భాషకు మనిషి కావాలన్నా ఎక్కడినుంచో వెతికి పట్టుకొచ్చేది ఆవిడే కాబట్టి, పదకొండేళ్ళలో ఆవిడ పేరు వెతుకులమ్మగా స్థిరపడిపోయింది. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత తర్వాత ఫోన్‌లో తనే "వెతుకులమ్మని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది.

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. కింద టైర్ల దుకాణం. ఎండెక్కితే గదంతా రబ్బరు వాసన. మూడు బల్లలు, నాలుగు కుర్చీలు, మూత సరిగ్గా పడని ఒక స్కానర్. ఆ మూత లేవకుండా దానిమీద ఎప్పుడూ రెండు లావుపాటి నిఘంటువులు ఉంటాయి. ఆ నిఘంటువులు అంతకు మించి ఎవరికీ ఉపయోగపడగా చూసినవాళ్ళు లేరు.

సోమవారం పొద్దున్నే వెతుకులమ్మ తమ్ముడు ఆ మెట్లెక్కి వచ్చాడు, చంకలో ఒక పాత నోటుబుక్కు పెట్టుకుని. తమ్ముడు ఊళ్ళోని ఆస్పత్రుల దుప్పట్లూ, హోటళ్ళ తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీలో బాయిలర్ చూసే మనిషి. మంచివాడు, పనిమంతుడు, కానీ అక్క చెప్పిందంటే చాలు, దాని ముందూ వెనకా చూడడు. చిన్నప్పుడెప్పుడో ఆవిడ సరదాకి, "మెట్లు లెక్కపెట్టకుండా ఎక్కితే పొట్టిగా ఉండిపోతావురా" అంది. ఆరడుగులు ఎదిగాడు, మీసాలొచ్చాయి, పెళ్ళయింది, ఇప్పటికీ పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునే ఎక్కుతాడు.

"ముప్పై నాలుగు," అని ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూలబడ్డాడు. "అక్కా, చిన్న పనుంది."

చిన్న పని ఇదీ. లాండ్రీవాళ్ళు పాత బాయిలర్ ఒకటి కొన్నారు. ఎక్కడో మూతపడ్డ బట్టల మిల్లులోంచి ఓడెక్కి వచ్చింది. కంపెనీవాళ్ళ పుస్తకం ఎప్పుడో పోయింది, ఉన్నా లాభం లేదు. ఎందుకంటే అక్కడి మెకానిక్ ఒకాయన పాతికేళ్ళపాటు దానికి పైపులు పీకి, పైపులు పెట్టి, తన ఇష్టం వచ్చినట్టు మార్చేసుకున్నాడు. మార్చినవాడు బుద్ధిమంతుడే. ఏది ఎక్కడ మార్చిందీ, ఏ వాల్వు ఎప్పుడు తెరవాల్సిందీ, ఆవిరి ఎంత దాటకూడనిదీ పదకొండు పేజీల్లో చేత్తో రాసిపెట్టాడు. రాసింది కంబోడియావాళ్ళ ఖ్మేర్ భాషలో.

"శుక్రవారం తనిఖీ ఆఫీసరొస్తాడు," అన్నాడు తమ్ముడు. "ఇది ఇంగ్లీషులోకి మార్చి, ముద్ర వేసి చూపిస్తేనే వెలిగించనిస్తానన్నాడు. లేకపోతే బాయిలర్ ఇనప సామాన్లకి పోతుంది. దీన్ని కొనమని ఓనర్ చెవిలో జోరీగలాగా పోరింది నేనే. దాంతోపాటు నేనూ పోతాను. ఏం పర్లేదు సార్, మా అక్క ఆఫీసులో లేని భాష లేదని ఓనర్‌కి చెప్పేశా."

వెతుకులమ్మ ఇంకా నోరు తెరవనేలేదు, లోపలి గదిలోంచి "ఓకే, ఓకే!" అని వినబడింది.

"ఒరేయ్," అంది ఆవిడ తల పట్టుకుని, "ఖ్మేర్ వచ్చినవాళ్ళు దొరుకుతారు. బాయిలర్ తెలిసినవాళ్ళు దొరుకుతారు. రెండూ కలిసి ఒక్క బుర్రలో ఉండాలంటే ఎక్కడినుంచి తేనురా?"

"నువ్వు వెతికితే దొరక్కపోవడమేంటక్కా," అని నోటుబుక్కు బల్లమీద పెట్టి, మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగిపోయాడు.

తెలిసిన చోటల్లా ప్రకటన పెట్టింది వెతుకులమ్మ. "ఖ్మేర్ నుంచి ఇంగ్లీషుకు అనువదించగల, బాయిలర్ తెలిసిన మనిషి కావలెను." మంగళవారం మధ్యాహ్నానికి పదకొండుమంది దరఖాస్తు పెట్టుకున్నారు. పదకొండుమందీ తమకు బాయిలర్లు కొట్టినపిండి అనే రాశారు. అందులో ఒకాయన తాను నలభై ఏడు రంగాల్లో నిపుణుణ్ణని, అణువిద్యుత్తు, పశువైద్యం, ఓడల నిర్మాణం, శుభలేఖలు అంటూ వరసగా జాబితా ఇచ్చాడు. ఒకాయన పాత రాతి శాసనాలు చదివే పండితుడు. ఒకావిడ ఆస్పత్రి కాగితాలు అనువదిస్తుంది. ఒకాయన కోర్టు కాగితాలు. పదకొండో దరఖాస్తు మాత్రం నాలుగు లైన్లే ఉంది. "ఖ్మేర్ నా సొంత భాష. బట్టల మిల్లులో ఇరవై రెండేళ్ళు ఆవిరి దగ్గర పనిచేశాను. ఇంగ్లీషు మెషీన్ల మీద ఉండే రాతలు చదివి నేర్చుకున్నాను. ఇప్పుడు ఇస్త్రీ కొట్టు ఉంది."

"దీన్ని పక్కన పడెయ్యి," అన్నాడు ఓకే గారు ఆవిడ భుజం మీదుగా తొంగిచూసి. "డిగ్రీ లేదు, ఏమీ లేదు. ఆ నలభై ఏడాయన్ని చూడు, ఎంత చదువో!"

వెతుకులమ్మ ఏదీ పక్కన పడెయ్యలేదు. ఆవిడకు ఈ భాషల్లో ఒక్కటీ రాదు. కానీ మనిషికి పని తెలుసో తెలియదో కనిపెట్టే ఉపాయం ఒకటుంది. ప్రతివాళ్ళకూ ఒకే పేజీ పరీక్షగా పంపుతుంది. అందులో ఒక్కచోట, తన చేత్తో ఒక తప్పు పెడుతుంది. మందుల కాగితమైతే పూటకు ఒక మాత్రను పది చేస్తుంది. వంతెన లెక్కలైతే ఒక స్తంభం ఎత్తివేస్తుంది. భాష మాత్రమే తెలిసినవాడు ఆ తప్పును పువ్వుల్లో పెట్టి అనువదించి పంపుతాడు. పని తెలిసినవాడు ఉలిక్కిపడి ఫోన్ చేస్తాడు. ఫోన్ చేసినవాడికి పని ఇస్తుంది. అంతే. ఈ కిటుకు ఆవిడ ఎవరికీ చెప్పదు. ఒకసారి ఓకే గారికి చెబితే ఆయన మర్నాడే ఒక అభ్యర్థికి ఫోన్‌లో, "మూడో లైను కాస్త జాగ్రత్తగా చూసుకోండేం," అని సాయం చేసిపెట్టాడు.

అందుకోసం మంగళవారం అరగంట కూర్చుని ఖ్మేర్ అంకెలు పది నేర్చుకుంది. నాలుగో పేజీలో సేఫ్టీ వాల్వు బొమ్మ ఉంది, పక్కన ఏడు అని ఉంది. ఆవిరి ఒత్తిడి ఏడు దాటితే ఆ వాల్వు తనంతట తాను తెరుచుకుని ఎక్కువైన ఆవిరిని బయటికి వదిలేయాలి, లేకపోతే బాయిలర్ బాంబే. ఇంతమాత్రం తమ్ముడి పుణ్యమా అని ఆవిడకూ తెలుసు. ఆ పేజీ జిరాక్స్ తీసి, ఏడు పక్కన నల్ల పెన్నుతో ఒక సున్నా చుట్టింది. డెబ్బై. పదకొండుమందికీ పంపింది. సున్నా ఎంత ముచ్చటగా కుదిరిందో అని కాసేపు చూసుకుంది కూడా.

బుధవారం పొద్దున్నకల్లా పదిమంది అనువదించి పంపారు. నలభై ఏడు రంగాలాయన ఇరవై నిమిషాల్లో పంపాడు, అచ్చు కొట్టినట్టు శుభ్రంగా, స్పష్టంగా. శాసనాల పండితుడు బాయిలర్‌ను "ఇనుప గర్భం దాల్చిన మహాకుంభము" అన్నాడు. ఆస్పత్రి ఆవిడ చేతిలో పడ్డాక పైపు కారడం కాస్తా "అంతర్గత రక్తస్రావం" అయింది, దానికి ఆవిడ విశ్రాంతి కూడా సూచించింది. కోర్టు ఆయన బాయిలర్‌ను "ఇకపై సదరు పాత్ర అని వ్యవహరించబడును" అని మొదలుపెట్టి, సదరు పాత్ర పేలినచో ఎవరిదీ బాధ్యత కాదని తన సొంతంగా ఒక పేరా తగిలించాడు. పదిమందీ పది రకాలుగా రాశారు. డెబ్బై మాత్రం పదిమందీ డెబ్బై అనే రాశారు. ఒక్కడంటే ఒక్కడు ఉలిక్కిపడలేదు.

వెతుకులమ్మకు నీరసం ముంచుకొచ్చింది. తమ్ముడి ముఖం కళ్ళముందు ఆడింది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి, సగం తిని, సగం పారేసి తిరిగొస్తుంటే మెట్ల మీద ఫోన్ మోగింది.

"ఈ కాగితం రాసినవాడు బతికే ఉన్నాడా?" అంది ఒక ఆడగొంతు. పలకరింపు లేదు, పరిచయం లేదు.

"ఎవరండీ?"

"ఇస్త్రీ కొట్టు నుంచి. సేఫ్టీ వాల్వు డెబ్బైకి తెరిచేవాడైతే బతికుండడు. వాడి పక్కవాడూ బతికుండడు. బతికుంటే మాత్రం అబద్ధం రాశాడు. ఏదో ఒకటి చెప్పు."

వెతుకులమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఇంత కమ్మని తిట్టు విని ఎన్నాళ్ళయిందో. "అమ్మా, మీరు ఆ పేజీ చేసి పంపండి చాలు, పని మీకే ఇస్తాను," అంది.

"పంపను. తెలియకుండా ఎలా రాస్తాను? అసలు పుస్తకం చూడాలి. ఫోటోలు కాదు, పుస్తకం. రేపు పొద్దున కొట్టుకి పట్టుకురా. తొమ్మిదికి రావద్దు, స్కూలు యూనిఫారాలుంటాయి."

ఆ సంతోషంలో వెతుకులమ్మ సాయంత్రం నోటుబుక్కు సంచీలో పెట్టుకుని, పరీక్ష పేజీల కట్ట బల్లమీదే వదిలేసి, నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళింది.

గురువారం పది దాటాక ఇస్త్రీ కొట్టు చేరుకుంది. రెండు దుకాణాల మధ్య సందును మూసి కట్టినట్టుండే ఇరుకు కొట్టు అది. గోడకు మూడు ఇస్త్రీ పెట్టెలు, మూలన బకెట్టంత చిన్న ఆవిరి డబ్బా, తీగమీద హ్యాంగర్లకు చొక్కాలు. వాటి వెనకనుంచి అరవయ్యేళ్ళ ఆవిడ చేయి ఒకటి బయటికొచ్చి, "ఇటివ్వు," అంది.

ఇస్త్రీ ఆవిడ నోటుబుక్కును బల్లమీద పరిచి, పేజీలు తిప్పుతూ మధ్యలో ముసిముసిగా నవ్వుకుంది. "మంచి పనివాడు. గొణుక్కుంటూ రాశాడు. ఇదిగో, ఈ పైపు పెట్టినవాణ్ణి ఇక్కడ తిట్టాడు చూడు." నాలుగో పేజీ రాగానే నవ్వు ఆగిపోయింది. పుస్తకం వైపు ఒకసారి, తనకొచ్చిన కాగితం వైపు ఒకసారి చూసింది.

"ఇక్కడ ఏడుంది. నాకు పంపిన దాంట్లో డెబ్బై ఉంది. ఎవరు పెట్టారు?"

"నేనేనండీ," అంది వెతుకులమ్మ, మురిసిపోతూ. "పరీక్ష. పదకొండుమందిలో మీరొక్కరే పట్టుకున్నారు."

ఇస్త్రీ ఆవిడ మురిసిపోలేదు. "ఆవిరితో పరీక్షలా? ఈ కాగితం తర్వాత ఏం చేస్తావు?"

"చింపేస్తాను."

"చింపేశావా?"

కట్ట ఆఫీసులో బల్లమీదే ఉందని వెతుకులమ్మకు గుర్తొచ్చింది. పదకొండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎందుకైనా మంచిదని ఆఫీసుకు ఫోన్ చేసింది.

"వెతుకులమ్మా!" అన్నాడు ఓకే గారు, పండగ చేసుకుంటున్న గొంతుతో. "నీకు చెబుదామనే అనుకుంటున్నా. పని అయిపోయింది!"

"ఏ పని సార్?"

"ఖ్మేర్ పని! నిన్న నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు తట్టింది నాకు. పదిమంది ఒక పేజీ చేసి పంపారు కదా. మిగిలినవి సరిగ్గా పది పేజీలు కదా. రెండో పరీక్ష అని తలా ఒకటి పంపా. సాయంత్రానికి పదీ వచ్చేశాయి! నాలుగో పేజీ ఎలాగూ మన దగ్గర ఉంది. అన్నిటిలోకీ శుభ్రంగా ఉన్నది ఏరి పెట్టా, ఆ నలభై ఏడాయనది. పొద్దున్నే ముద్ర వేసి పంపించేశా. మీ తమ్ముడు ఎగిరి గంతేశాడు. తనిఖీ ఆఫీసర్ ఇవాళే వస్తానన్నాడట. ఒక రోజు ముందే! ఎలా ఉంది?"

వెతుకులమ్మ ఠక్కున ఫోన్ పెట్టేసింది. తమ్ముడికి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. బాయిలర్ గదిలోకి ఫోన్ తీసుకెళ్ళకూడదని రూలు. ఆ రూలు పాటించే మనిషి ఊరంతటికీ వాడొక్కడే.

"నా తమ్ముడండీ," అంది ఇస్త్రీ ఆవిడతో. "ఆ బాయిలర్ ముందు నిలబడేది నా తమ్ముడు."

ఇస్త్రీ ఆవిడ మూడు పెట్టెల ప్లగ్గులూ టకటకా పీకేసి, సగం ఇస్త్రీ అయిన చొక్కాను అలాగే వదిలేసి, నోటుబుక్కు చంకన పెట్టుకుని రోడ్డు మీద టాక్సీకి అడ్డంగా నిలబడింది.

దారిలో వెతుకులమ్మ డ్రైవర్‌ని తొందరపెడుతూనే ఉంది. ఇస్త్రీ ఆవిడ మాత్రం పేజీలు తిప్పుతూ ప్రశ్నలు వేస్తూనే ఉంది. "ఉతికే మెషీన్లెన్ని? ఇస్త్రీ రోలర్లున్నాయా? ప్రెస్సులు ఎన్ని? ఆవిరి పైపు వాటికి కలిపారా?" వెతుకులమ్మకు ఒక్కటీ తెలియదు. సొంత తమ్ముడు ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న చోటు ఎలా ఉంటుందో తనకు తెలియదని అప్పుడు తెలిసింది.

లాండ్రీలో ముందు హాలు నిండా ప్రెస్సులూ, రోలర్లూ, తడి దుప్పట్ల గుట్టలూ. పనివాళ్ళంతా ఖాళీగా నిలబడి కొత్తగా వచ్చిన బాయిలర్ నుంచి ఆవిరి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. వెనక గదిలో ఇనప బాయిలర్, అడుగున మంట. గోడవార కుర్చీలో తనిఖీ ఆఫీసర్ కాళ్ళు చాపుకుని ఫైలు తిరగేస్తున్నాడు. పేజీలు పదకొండుకు పదకొండు ఉన్నాయి, ప్రతి పేజీ మీదా ముద్ర ఉంది, అంతవరకూ ఆయన చాలా జాగ్రత్తగా చూశాడు. పేజీల్లో ఏముందో చూడటం తన పని కాదనుకున్నాడు.

"అక్కా!" అన్నాడు తమ్ముడు, ముఖం చాటంత చేసుకుని. "నువ్వూ వచ్చావా! చూడు, ఎలా ఎక్కుతోందో!"

ఒత్తిడి చూపే మీటరు గాజు వెనక ముల్లు పదకొండు దగ్గరుంది. ఇంకా పైకి పోతోంది.

"ఆ వాల్వు ఎందుకు తెరుచుకోలేదురా?" అని అరిచింది వెతుకులమ్మ.

"అదా? పనికిమాలిన వాల్వు అక్కా. ఏడుకే బుస్సుమని తెరుచుకుంది. పేజీలో డెబ్బై అని ఉంది కదా, స్ప్రింగు సడలిందనుకుని రెంచితో బిగించేశా. అసలీ మీటరే పదహారు దాకా ఉంది. డెబ్బై దాకా ఉండేది తెమ్మని మనిషిని పంపా." మెచ్చుకుంటుందేమోనని అక్క వైపు చూశాడు. "నిజం చెప్పాలంటే మిగతా పేజీలు ఒక్క ముక్క ఎక్కలేదు. ఒకదాంట్లో మహాకుంభమంటాడు, ఇంకోదాంట్లో విశ్రాంతి ఇవ్వమంటాడు. నాలుగో పేజీ ఒక్కటే మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా అర్థమైంది. దాన్నే పట్టుకున్నా."

ఇస్త్రీ ఆవిడ అప్పటికే అతన్ని తోసుకుని లోపలికి వచ్చేసింది. "మంట ఆపు. వాల్వు ముట్టుకోవద్దు. నీళ్ళు పొయ్యొద్దు. మంట ఆపు ముందు!" ఆ గొంతులో ఏముందో గానీ తమ్ముడు కిక్కురుమనకుండా మంట ఆపేశాడు. ముల్లు పన్నెండు దగ్గర వణికింది. "లోపలున్న ఆవిరిని వాడెయ్యాలి. హాల్లోకి పోయే పైపు ఏది? నెమ్మదిగా తిప్పు. ఇంకా నెమ్మదిగా!" తర్వాత హాలు వైపు తిరిగి, ఇరవై రెండేళ్ళ మిల్లు చప్పుళ్ళను దాటడం అలవాటైన గొంతుతో కేకేసింది. "అందరూ ఇస్త్రీ చెయ్యండి!"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కానీ అలా కేకేసినప్పుడు ఇస్త్రీ చెయ్యకుండా ఉండటం మనిషి తరం కాదు. పనివాళ్ళు ప్రెస్సులమీద పడ్డారు. రోలర్లు తిరిగాయి. బుస్సుమని తెల్లటి ఆవిరి హాలంతా కమ్మేసింది. ఓనర్ పరిగెత్తుకొచ్చి, ఏమైందని అడగబోయి, ఎవరో చేతిలో తువ్వాలు పెడితే దాన్ని ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టాడు. తనిఖీ ఆఫీసర్ ఫైలు వదలకుండా ఒక చేత్తో దిండు గలీబులు నొక్కాడు. వెతుకులమ్మ రోలర్లోకి ఒక దుప్పటి తరవాత ఒకటి తోస్తూ, కళ్ళలో నీళ్ళు ఆవిరివల్లో భయంవల్లో తెలియకుండా, "ఎంతుందిరా?" అని అరుస్తూనే ఉంది.

"పన్నెండు!" అని వినబడింది గదిలోంచి. చాలాసేపు తర్వాత "పదకొండు!" ఒక యుగానికి "తొమ్మిది!" ఆస్పత్రి దుప్పట్లు అయిపోయాయి. హోటల్ తువ్వాళ్ళు అయిపోయాయి. ఇస్త్రీ చేసినవాటినే మళ్ళీ చేశారు. "ఏడు!" అన్నప్పుడు ఎవరో చప్పట్లు కొట్టబోతే ఇస్త్రీ ఆవిడ కళ్ళెర్రజేసింది. "మూడు" అన్నాక గానీ ఆవిడ ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

అప్పుడు తనిఖీ ఆఫీసర్ చొక్కా పిండుకుంటూ ఫైలు తెరిచాడు. మొదటిసారిగా చదివాడు. చదివేకొద్దీ ముఖంలో రంగు పోయింది. "ఈ డెబ్బై ఎవరు రాశారు?"

నలభై ఏడు రంగాలాయన పేరు చెప్పేయొచ్చు. ఓకే గారి పేరు చెప్పేయొచ్చు. రెండూ పూర్తిగా అబద్ధం కూడా కావు. వెతుకులమ్మకు ఆ రెండూ తట్టాయి, నోటిదాకా వచ్చాయి. తడి దుప్పట్ల గుట్ట పక్కన, చేతులు నల్లగా చేసుకుని, తననే చూస్తున్న తమ్ముణ్ణి చూసింది.

"నేను," అంది. "అనువాదం చేసినవాళ్ళ తప్పు కాదు. ఆ సున్నా నేను పెట్టాను. కావాలని పెట్టాను."

తమ్ముడు పకపకా నవ్వాడు. "ఊరుకో అక్కా! సార్, మా అక్క అలాగే అంటుంది. ఆఫీసు మీద మాట పడకూడదని తన మీద వేసుకుంటోంది. మా అక్క తప్పు రాయడమేంటి సార్?"

"నేనే పెట్టానురా. మనుషుల్ని పరీక్షించడానికి, నల్ల పెన్నుతో. తీసెయ్యడం మరిచిపోయాను. ఎవరికీ చెప్పలేదు."

"పోనీలే అక్కా, కంగారులో ఏదో..."

ఆవిడ ఏం చెప్పినా నమ్ముతూ పెరిగినవాడు, ఇన్నేళ్ళకు ఒక్క నిజం చెబితే నమ్మడం లేదు. వెతుకులమ్మకు ఏడుపొచ్చింది. వచ్చిన ఏడుపును ఆపుకోలేదు. అందరి ముందూ అతని రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు చచ్చిపోయేవాడివిరా," అంది. "నావల్ల. నేను పెట్టిన తప్పువల్ల. నమ్మరా నన్ను."

తమ్ముడి నవ్వు మెల్లగా ఆగిపోయింది. బాయిలర్ వైపు చూశాడు, రెంచి వైపు చూశాడు, మళ్ళీ అక్క వైపు చూశాడు.

"నాకు అనుమానం వచ్చింది," అన్నాడు చివరికి, తప్పు చేసినవాడిలా గొంతు తగ్గించి. "మీటరు పదహారే ఉంది కదా, డెబ్బై ఎలా అని వచ్చింది. నీ ఆఫీసు ముద్ర చూసి నోరు మూసుకున్నా. అంటే, అప్పుడు నేను అడగాల్సిందా?"

"అడగాల్సిందిరా."

"నిన్నా?"

"నన్నే."

అతను తల ఊపాడు. మీసాలొచ్చిన తమ్ముడు ఆ క్షణంలో ఒక్కసారిగా పెద్దవాడైపోయినట్టు అనిపించింది వెతుకులమ్మకు. ఇస్త్రీ ఆవిడ అప్పటికే నోటుబుక్కు మొదటి పేజీ తెరిచి, నేలమీదే కూర్చుని, తనిఖీ ఆఫీసర్ దగ్గర పెన్ను లాక్కుంది. "రా, పక్కన కూర్చో. నేను చదువుతా, నువ్వు బాయిలర్ మీద చూపించు. చూశాకే రాస్తా," అంది తమ్ముడితో. అతను కూర్చున్నాడు. ఆవిడ మొదటి వాక్యం సగం చదివిందో లేదో, చెయ్యెత్తి, "ఎందుకలా?" అని అడిగాడు.